స్వభావోక్తి, ఉపమ, కెమేరా

స్వభావోక్తి అలంకారమా, కాదా అను వివాదము అలంకారశాస్త్రములో చాల ప్రాచీనమైనది. దానిని కొందరు అలంకారమందురని భామహుడు ముక్తసరిగా చెప్పి ముందుకు సాగినాడు. వక్రత లేని మాట కావ్యము కాజాలదని ఆయన మతము. దండి వాఙ్మయమును స్వభావోక్తి, వక్రోక్తి అని రెండు పాయలుగా విభజించి, అలంకారములలో స్వభావోక్తికి మొదటి స్థానమిచ్చినాడు. 1839 లో ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైన పిదప ఈ ప్రశ్న క్రొత్త వేషములో తిరిగివచ్చినది. కెమేరాకు వక్రత తెలియదు, ఎదుట నున్నదే దానిలో పడును, కావున ఛాయాచిత్రము స్వభావోక్తికి పరాకాష్ఠ అని సామాన్యముగా తలచుచుందురు. కట్టడముల నిర్మాణమును, ప్రకృతిలోని నిర్మాణమును చిత్రించిన కొందరు ఛాయాచిత్రకారుల కృషిని పరిశీలించినచో ఈ అభిప్రాయము నిలువదు. వారిలో కొందరు వస్తువు దేనివలె నున్నదో చూపినారు. కొందరు అది ఏల అట్లున్నదో చూపినారు. మొదటిది సాదృశ్యము, రెండవది కారణము. ఈ రెండింటికి గల తారతమ్యము వర్ణనకు పూనుకొను ప్రతి రచయితకును సంబంధించినది.

ఈ సందర్భమున మొదట పేర్కొనదగినవాడు జర్మను దేశీయుడైన కార్ల్ బ్లోస్‌ఫెల్ట్ (1865–1932). యౌవనమున ఆయన అలంకారపు ఇనుపపని చేయు పోతకర్మాగారములో పని నేర్చినాడు. తరువాత బెర్లినులోని వృత్తికళల పాఠశాలలో దాదాపు మూడు దశాబ్దములు, మొక్కలను చూచి ప్రతిమలు మలచు విద్యను బోధించినాడు. ఛాయాచిత్రములను ఆయన విద్యార్థుల కొరకు పాఠ్యసామగ్రిగా సిద్ధపరచినాడు. వానిలో 120 చిత్రములు ‘కళయొక్క మూలరూపములు’ అను అర్థము గల పేరుతో 1928 లో గ్రంథరూపమున వెలువడినవి. అప్పటికి ఆయన వయస్సు అరువది దాటినది. కీర్తి ఆ ఒక్క గ్రంథముతో వచ్చినది.

ఆయన పద్ధతి నిరాడంబరమైనది. వెనుక తెల్లని లేక బూడిదరంగు అట్ట. మెత్తని పగటి వెలుతురు. తాను సొంతముగా అమర్చుకొన్న కెమేరా. దాని ఎదుట ఒక చిగురు, ఒక కాండపు కొన, ఒక ఎండిన కాయ. వానిని ఆయన అనేక రెట్లు పెద్దవి చేసినాడు. అంతట ఈక్విజిటమ్ అను కణుపుల మొక్క కొన ప్రాచీన స్తంభమువలెను, ముడుచుకొన్న ఫెర్న్ చిగురు బిషప్పు చేతి వంకర దండమువలెను కానవచ్చినవి. జర్మను విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ ఈ పోలికలను 1931 లో ఛాయాచిత్రకళా చరిత్రను గూర్చిన తన వ్యాసములో ఎత్తిచూపి ప్రశంసించినాడు. నాటి నుండి నేటి వరకు బ్లోస్‌ఫెల్ట్ గ్రంథమును తెరచిన పాఠకుడు చేయు మొదటి పని ఈ పోలికలను వెదకుటయే.

ఇచట అలంకారశాస్త్రము ఉపకరించును. ఉపమకు అంగములు నాలుగు: ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము. బ్లోస్‌ఫెల్ట్ చిత్రములో కానవచ్చునది ఉపమేయమైన మొక్క మాత్రమే. వాచకము లేదు, ఉపమానమైన స్తంభము లేదు. దానిని చూపరి తన మనస్సునుండి తెచ్చి ఆ పుటపై నిలుపును. అతిశయోక్తి భేదములలో ఒకదానియందు ఉపమానము ఉపమేయమును మ్రింగివేయునని ఆలంకారికులు చెప్పినారు. ఇచట అది తలక్రిందులైనది: ఉపమేయమే ఉపమానమును మ్రింగి ఏమియు నెరుగనట్లు నిలిచియున్నది. చిత్రకారుడు పోల్చినట్లు కనబడడు గనుక ఆ పోలిక ప్రకృతియే చెప్పినట్లు తోచును. స్వభావోక్తి వేషమున వచ్చిన ఉపమ ఇది. దాని శక్తి యంతయు ఈ మరుగులోనే యున్నది.

ఈ ఉపమ సాగుటకు ఒక వస్తువును బలి పెట్టవలసివచ్చినది, అది పరిమాణము. చిత్రము క్రింద మొక్క పేరును, ఎన్ని రెట్లు పెద్దది చేసినదియు తెలుపుట ఆయన మరువలేదు. కాని కన్ను అంకెను చదువదు. పుటపై వ్రేలెడు చిగురును, నూరు అడుగుల స్తంభమును ఒకే ఎత్తున నిలుచును. నిర్మాణ విషయమున పరిమాణము ఉపేక్షింపదగినది కాదు. గెలీలియో 1638 నాటి గ్రంథములోనే ఈ సంగతిని నిరూపించినాడు. ఒక వస్తువును ఆకారము మార్చక అన్ని వైపులను పది రెట్లు పెంచినచో దాని బరువు వేయి రెట్లగును. బరువును మోయు అడ్డుకోత వైశాల్యము నూరు రెట్లే యగును. ఈక్విజిటమ్ కాండమును అదే పదార్థముతో, అదే పాళ్లలో స్తంభమంత చేసినచో అది తన బరువునకు తానే కూలును. బోలుగా నుండుట, పైని నిలువు గాళ్లుండుట, నడుమ నడుమ కణుపులు బిగియుట, ఇవి యన్నియు ఆ చిన్న కాండము కొద్ది పదార్థముతో నిటారుగా నిలుచుటకు ఏర్పడిన ఉపాయములు. వెదురులోను ఇట్టి ఉపాయమే కలదు. బ్లోస్‌ఫెల్ట్ చిత్రము పై గాళ్లను అద్భుతముగా చూపును; లోపలి బోలుతనమును చూపదు. ఆయన చూపినది రూపము, నిర్మాణము కాదు.

మరియొక సంగతి. ఆయన మొక్కను దొరికినది దొరికినట్లుగా చిత్రించలేదు. అడ్డముగా తోచిన ఆకులను, రెమ్మలను కత్తిరించి, మిగిలినదానిని తీర్చి నిలిపినాడు. ఇనుపపని నేర్చిన చేయి ఇనుపకమ్మీకి తగిన రూపమును మొక్కలో వెదకినది. పైగా ఈ పోలికలలో కొన్నింటికి చరిత్ర వేరుగా నున్నది. గ్రీకుల కొరింథియను స్తంభశీర్షము ఆకంథస్ ఆకును చూచి చెక్కినదే. ఉత్తరదేశపు ఆలయశిఖరముపై నుండు గాళ్ల బిళ్లకు ఆమలకమని పేరు. అది ఉసిరికాయ పేరు. అధిష్ఠానములోని పద్మము సంగతి చెప్పనక్కరలేదు. శిల్పి మొక్కనుండి తెచ్చుకొన్నదానిని తిరిగి మొక్కలో కనుగొని ఆశ్చర్యపడుట, అప్పిచ్చిన సొమ్మును దొరికిన నిధి యనుకొనుట వంటిది.

ప్రకృతిని తీర్చిదిద్దుట బ్లోస్‌ఫెల్ట్ ఒక్కనికే చెందిన దోషము కాదు. అమెరికాలో వెర్మాంటు రాష్ట్రపు రైతు విల్సన్ బెంట్లీ 1885 లో సూక్ష్మదర్శినికి కెమేరాను జతపరచి మంచురేకులను చిత్రించుట ప్రారంభించి, జీవితకాలమున 5,000 కు పైగా చిత్రములు తీసినాడు. 1931 నాటి ఆయన గ్రంథములో 2,400 కు పైగా చిత్రములున్నవి. ప్రతి రేకును ఆరు కోణముల అందముతో మెరయుచుండును. కాని నేలపై బడు మంచులో అట్టి పరిపూర్ణమైన స్ఫటికములు అరుదు. బెంట్లీ సొగసైనవానిని ఏరుకొన్నాడు. నేపథ్యము నల్లగా నుండుటకై స్ఫటికము చుట్టును పలకపైని పూతను గీకివేసినాడు. ఆ కాలముననే జర్మనీలో నాయ్‌హౌస్ తీసిన చిత్రములలో వంకరలు, విరుగుళ్లు గల రేకులు కనబడినవి. లోకము బెంట్లీని గుర్తుంచుకొన్నది. ఆదర్శము సత్యముకంటె సులభముగా స్మృతిలో నిలుచును. ప్రబంధకవుల పురవర్ణనలు చదివినవారికి ఈ సంగతి క్రొత్త కాదు.

అట్లని పోలిక యంతయు అసత్యమని త్రోసివేయరాదు. స్కాట్లండు జీవశాస్త్రజ్ఞుడు డార్సీ టాంసన్ 1917 లో వృద్ధిని, రూపమును గూర్చి వెలువరించిన గ్రంథములో రాబందు రెక్కయెముకను నిలువున కోసి చూపినాడు. లోపలి సన్నని ఆనుకోలలు వంతెనలలోని ఇనుపచట్రమువలె ఏటవాలుగా అల్లుకొనియున్నవి. ఇదియు పోలికయే. కాని ఇచట సమానధర్మము కంటికి కనబడు ఆకారము కాదు. బరువును అతి తక్కువ పదార్థముతో మోయవలసిన అవసరము. చట్రమును, ఎముకను ఒకే అవసరము మలచినది; అందుచేత ఒకదానినొకటి పోలినవి. బ్లోస్‌ఫెల్ట్ ఆకును కత్తిరించినాడు. టాంసన్ చూపినది కోసిన ఎముకను. మొదటి కోత ఆకారమును తేటపరచినది. రెండవది కారణమును బయటపెట్టినది. చిత్రకారుడు కోసినాడా లేదా అన్నది కాదు, కోసిన పిదప ఏమి మిగిలినది అన్నదే విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న.

కట్టడముల ఛాయాచిత్రములకును ఈ ప్రశ్ననే వేయవచ్చును. లాలా దీన్‌దయాళ్ (1844–1905) రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వ మరామతు శాఖలో నకాశీదారుగా పనిచేసినవాడు. తరువాత హైదరాబాదులో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై రాజా బిరుదమును పొందినాడు. లెపెల్ గ్రిఫిన్ మధ్యభారతపు కట్టడములపై 1886 లో ప్రకటించిన గ్రంథమునకు చిత్రములు ఆయనవి. ఆ చిత్రములలో నకాశీదారు కన్ను కనబడును. నిలువు గీత నిలువుగానే యుండును. కట్టడము నేలపై ఎచట ఆనినదో, పైకప్పు దేనిపై నిలిచినదో చూపరికి తెలియును. ఆ యుగపు చిత్రకారులు స్తంభము ప్రక్క ఒక మనిషిని నిలుపుట ఆచారము. ఆ మనిషి అలంకారము కాదు, కొలబద్ద. బ్లోస్‌ఫెల్ట్ తొలగించినదానిని వీరు వెలగట్టి నిలిపినారు.

దీనికి భిన్నమైన మార్గము లూసియన్ ఎర్వే (1910–2007) ది. హంగరీలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన ఈయన 1949 నుండి లె కార్బూజియే కట్టడములను చిత్రించినాడు; 1955 లో చండీగఢ్ వచ్చినాడు. ఎర్వే కట్టడమును సమగ్రముగా చూపుట అరుదు. తీసిన చిత్రమును కత్తెరతో నిర్మొహమాటముగా కత్తిరించి, ఒక మూల, ఒక గోడ, ఒక నల్లని నీడ మాత్రము మిగుల్చును. పైపై చూపునకు ఇది బ్లోస్‌ఫెల్ట్ పద్ధతియే యనిపించును. కాని పంజాబు ఎండలో ఆ నీడ ఊరక పడినది కాదు. చండీగఢ్ హైకోర్టుపై గొడుగువంటి రెండవ కప్పును, ముఖభాగమున లోతైన కాంక్రీటు పలకలను పెట్టినదే నీడ కొరకు. కావున ఎర్వే కత్తెర మిగిల్చిన నీడలో ఆ కట్టడము యొక్క హేతువు మిగిలినది. పోయినది విస్తారము: 254 మీటర్ల పొడవు గల సచివాలయము ఎంత దూరము నడిపించునో ఆయన చిత్రము చెప్పదు. ఆ నష్టము గుర్తింపదగినదే. అయినను ఆయన తీర్చిన లెక్క న్యాయమైనది.

కెమేరాకు అసలే అందని నిర్మాణమును కలదు. తెలుగుదేశమున పాలంపేటలోని రామప్ప దేవాలయమును కాకతీయ గణపతిదేవుని సేనాని రేచెర్ల రుద్రుడు 1213 లో కట్టించినాడు. 2021 లో అది ప్రపంచ వారసత్వ స్థలమైనది. దానిని గూర్చిన ఛాయాచిత్రములలో నూటికి తొంబది కప్పుక్రింద వాలిన నల్లరాతి మదనికలవే యనవచ్చును. వారి అందమును కాదనువారు లేరు. కాని ఆ ఆలయపు నిర్మాణ ప్రతిభ మరియొకచోట నున్నది: నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలతో విమానమును కట్టి క్రింది రాతిపై బరువును తగ్గించుట, పునాదిలో ఇసుకను నింపుట. ఇటుక తేలికదనము చిత్రములో పడదు. పునాది భూమిలో నున్నది. ఇచట మాట అవసరమగును. ఛాయాచిత్రము ముగిసినచోట రచయిత పని ప్రారంభమగును. రచయితయు మదనికలనే వర్ణించి వెనుదిరిగినచో, కెమేరా చేసిన పనినే ఆలస్యముగా చేసినవాడగును.

తెలుగు రచనలో ఈ ప్రమాదమునకు దృష్టాంతము దూరముగా లేదు. నాగార్జునసాగరమునకు 1955 లో శంకుస్థాపన జరిగినది. నాటి నుండి ఆనకట్టను దేవాలయముతో పోల్చుట గద్యమునకును పద్యమునకును అలవాటైపోయినది. ఆ పోలిక వినుటకు ఇంపుగా నుండును. కాని రాతి ఆనకట్ట తన బరువుతోనే నీటిని ఆపును. లోతుతో పాటు నీటి ఒత్తిడి పెరుగును. అందుచేతనే దాని అడుగు అంత వెడల్పు. ఆ అడుగును గాంచినవాడు దేవాలయమును తలచుకొననక్కరలేదు; అది ఏమి మోయుచున్నదో అతనికి అర్థమైనది. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఆ జలాశయమున మునిగినది నాగార్జునకొండ లోయ, బౌద్ధ విహారములును స్తూపములును వెలసిన స్థలము. 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను ఎత్తయిన చోటికి తరలించి నిలిపినారు. ఆనకట్టను దేవాలయమన్న మాట, దాని క్రింద మునిగిన విహారమును కప్పివేయును. ఉపమ తప్పు కాదు. అది ఒక వస్తువును చూపునపుడు మరియొకదానిని మరుగుపరచును, అంతే. మరుగుపడినది ఏదో ఎరిగి పోల్చువాడు కవి. ఎరుగక పోల్చువాడు వాడుకకు దాసుడు.

దండి స్వభావోక్తికి ఇచ్చిన గౌరవము ఈ దృష్టితో చూచినచో సార్థకము. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట యనగా కంటికి తగిలినదానిని ఏకరువు పెట్టుట కాదు. వస్తువు ఎంతటిదో, దేనిపై ఆనినదో, ఏ బరువును మోయుచున్నదో, ఏ అవసరము దానిని అట్లు మలచినదో చెప్పుట. బ్లోస్‌ఫెల్ట్ చిత్రములు మనోహరములు. విద్యార్థికి చూచుట నేర్పుటలో వానికి సాటి అరుదు. ఆ గ్రంథమును ప్రతి రచయితయు చూడవలెను. చూచునపుడు చిత్రము క్రింది అంకెను కూడ చదువవలెను.