సైలెన్సర్‌కి శ్రుతి పెట్టే చేతులు

మాదాపూర్‌లో కొలువు చేసే కుర్రాడు తొలి బోనస్‌తో కొత్త ఎస్‌యూవీ కొనకుండా, పాతికేళ్ల నాటి హోండా సిటీ వీటెక్ కోసం వెతుకుతున్నాడంటే అతనికి కార్ల రుచి తెలుసన్నమాటే. 1500 సిసి ఇంజిన్లోంచి 106 గుర్రాల బలం రాబట్టిన కారు అది. దాని సరసన నిలబెట్టదగ్గవి ఫియట్ పాలియో 1.6, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. రెండు తలుపుల అసలు సిసలు స్పోర్ట్స్ కార్లు మన దగ్గర దొరికింది తక్కువ. ఒక తరం వేగం రుచి చూసింది వీటి మీదే. ఇలాంటి కారు చేతికి రాగానే మనసు మొదట పోయేది సైలెన్సర్ మీదికి. మంచి పనికీ చెత్త పనికీ దారులు చీలేది కూడా అక్కడే.

మంచి మేస్త్రీ ముందుగా గ్రైండర్ ముట్టుకోడు. కారు నడిపి చూస్తాడు, వింటాడు.

సైలెన్సర్ పనంటే మోత పెంచడమే అనుకునేవాళ్లకి ఈ విద్య ఎప్పటికీ అందదు. సిలిండర్లో జరిగే ఒక్కో పేలుడూ గొట్టంలో ఒత్తిడి అలగా పరుగెడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకి 100 అలలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు తల దిమ్మెక్కించే ‘గుంయ్’ హోరు పుట్టేది ఇక్కడే. దాన్ని అణచడానికి తెలిసినవాడు ప్రధాన గొట్టానికి పక్కగా, చివర మూసిన ఒక కొమ్మ గొట్టం అతుకుతాడు. అల అందులోకి పోయి, చివర తగిలి, సగం అల ఆలస్యంగా తిరిగొచ్చి, వెనక వస్తున్న దానికి ఎదురుపడి దాన్ని కొట్టేస్తుంది. ఇందుకు ఆ కొమ్మ పొడవు అల పొడవులో నాలుగో వంతు ఉండాలి. అనుభవం బయటపడేది ఈ లెక్కలోనే. బడి పుస్తకంలో ఉన్నట్టు ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లని పట్టుకుంటే కొమ్మ 86 సెంటీమీటర్లు వస్తుంది, హోరు మాత్రం పోదు. గొట్టంలో పొగ వేడి 400 డిగ్రీలుంటే ధ్వని వేగం 520 మీటర్ల దాకా పెరుగుతుంది, కొమ్మ 130 సెంటీమీటర్లు కావాలి. కచేరీ సాగి వేడెక్కేకొద్దీ నాదస్వరం శ్రుతి పైకి జరగడం లాంటిదే ఇది.

ఇక ముందు భాగం. నాలుగు సిలిండర్ల గొట్టాల్నీ సమానమైన పొడవున ఉంచి, రెండు రెండుగా కలిపి, ఆ రెంటినీ ఒకటి చేస్తే దాన్ని 4-2-1 అంటారు. మధ్య చుట్లలో లాగుడు దీనిదే. నాలుగూ ఒకేచోట కలిస్తే బలం పై చుట్లలో వస్తుంది. గచ్చిబౌలి సిగ్నళ్ల మధ్య బతికే కారుకి మొదటిదే సరి, ఇందులో వాదానికి తావు లేదు. ఇంజిన్‌కి ‘బ్యాక్ ప్రెషర్’ ఉండాలనే మాట చాలా గ్యారేజీల్లో వినిపిస్తుంది. అది తప్పు. కావలసింది అడ్డు కాదు, పొగ వేగం. గొట్టం మరీ లావైతే పొగ నెమ్మదిస్తుంది. ఒక సిలిండర్ పొగ పోతూ పోతూ పక్కదాని పొగని వెంట లాక్కుపోవడం ఆగిపోతుంది.

పనితనం కళ్లకి కనిపించేది వంపు దగ్గర, అతుకు దగ్గర. చవక బెండింగ్ మిషను గొట్టాన్ని వంచుతూనే నొక్కేస్తుంది, లోపలి దారి ఇరుకవుతుంది. లోపల లోహపు గుండు ఉంచి వంచే మ్యాండ్రెల్ బెండులో గుండ్రం చెదరదు. పాతవాళ్లు ఇసుక కూరి, రెండు వైపులా బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచేవారు. ఇంకా మంచి చెయ్యి ఉన్నవాడు గొట్టాన్ని ముల్లంగి చక్రాల్లా ఏటవాలుగా కోసి, ముక్కా ముక్కా అతికి మలుపు తిప్పుతాడు. పైనుంచి ఆర్గాన్ వెల్డింగ్ చాలామంది చేస్తారు. గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపి అతికేవాడే అసలైన ఉస్తాద్. లోపల గాలి మిగిలితే అతుకు వెనకవైపు మాడిన పంచదారలా నల్లగా పొక్కుతుంది, కొన్నాళ్లకి అక్కడే పగులుతుంది. సరిగా చేసిన అతుకు మీద ఒకదానిపై ఒకటి పేర్చిన నాణేల్లా అలలు, అంచున ఎండుగడ్డి పసుపు, ఆపైన నెమలికంఠం నీలం! ఎంతసేపు చూసినా తనివి తీరదు.

ఈ చేతుల్ని హైదరాబాద్ ఎక్కడినుంచో అరువు తెచ్చుకోనక్కర్లేదు. జీడిమెట్ల, బొల్లారం మందుల ఫ్యాక్టరీలకి స్టెయిన్‌లెస్ గొట్టాలు అతికే వెల్డర్లకి లోపల ఆర్గాన్ నింపడం రోజూ చేసే పనే. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి పనిముట్ల విద్య నేర్పుతోంది. కంచన్‌బాగ్‌లోని మిధాని 1973లో పుట్టింది, టైటానియం మిశ్రమాలు తయారుచేస్తుంది. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం పెట్టిన కె.సుధాకర్ క్రికెట్ బంతి రూపంలోనూ, బర్గర్ రూపంలోనూ నడిచే కార్లు చేశారు. 2005 జులై 1న 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు ట్రైసైకిల్‌ని స్వయంగా తొక్కి గిన్నిస్‌కెక్కారు. అలాంటి చేతులున్న ఊరు ఇది.

సైలెన్సర్ చరిత్రంటే, 1897లో అమెరికాలో రీవ్స్ సోదరులు పేటెంటు తీసుకున్నారని చెబుతారు. దాన్ని కళగా మార్చినవాడు మాత్రం కార్లో అబార్త్. 1949లో కంపెనీ పెట్టి, చిన్న చిన్న ఫియట్ కార్లకి సైలెన్సర్లు అమ్మి, ఆ డబ్బుతో రేసు కార్లు కట్టాడు. అతని గుర్తు తేలు. స్లొవేనియాలో ఇగోర్ అక్రపోవిచ్ పెట్టిన సైలెన్సర్ల కంపెనీకీ మొదటి పేరు స్కార్పియనే!

ఇంతటి విద్యకి పట్టిన తెగులు చూస్తే కడుపు మండుతుంది. రేకు డబ్బాకి అక్రపోవిచ్ స్టిక్కర్ అంటించి అమ్మేస్తున్నారు. గొట్టం చివర ఈల ముక్క దూర్చి టర్బో అంటున్నారు. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పీకేసి, విషపు పొగని వెనక స్కూటీ మీద వచ్చే తల్లీబిడ్డల ముఖాన కొడుతున్నారు. నివాస ప్రాంతంలో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన. అర్ధరాత్రి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద టపాకాయలు పేల్చుకుంటూ పోయేవాడికి ఆ చుట్టుపక్కల ఇళ్లలో నిద్రపోయే మనుషులు గుర్తుకే రారు. పట్టుబడ్డ సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించడం నగరం చూసింది. తొక్కించాల్సిందే. కానీ ఆ మోతగాళ్ల పాపం చివరికి మంచి పనివాడి మెడకే చుట్టుకుంటోంది.

చట్టం కఠినంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడవచ్చు. కాబట్టి సైలెన్సర్ మార్చాలనుకునేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. కారుకున్న గొట్టాన్ని కోయకూడదు. కొత్తది ఫ్లేంజిలు, బోల్టులతో పాతదాని స్థానంలో కూర్చునేలా చేయించుకోవాలి. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో దాని గొంతు విప్పి, ఊరి రోడ్డు మీదికి వచ్చేసరికి కంపెనీ సైలెన్సర్ మళ్లీ బిగించాలి.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటుతో నడిచే ఫార్ములా ఇ రేసు కార్లు పెట్రోలు చుక్క లేకుండా, సన్నని ఈలతో దూసుకుపోయాయి. ఇంజిన్‌కి శ్రుతి చేయగల చేతులకి పని దొరికే కాలం ఇంకెంతో లేదు. రవాణా శాఖ తలచుకుంటే దారి ఉంది. శబ్దం, పొగ రెండూ కొలిచి, పరిమితిలో ఉన్న ఒక్కో సైలెన్సర్‌కీ ముద్ర వేసే ఏర్పాటు చేయాలి. పని తెలిసినవాడు ఆ పరీక్షకి వెనకాడడు, రేకు డబ్బా అమ్మేవాడు అటువైపే రాడు.

అందాకా పాత సైలెన్సర్‌ని ఇనప సామానువాడికి వేసేయకండి. గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. పదిహేనేళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిదేళ్లకోసారి తప్పదు, ఆ రోజు ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లే కారుకి ఉండాల్సింది అదే.