వంపులోనే ఉంది విద్య

చేపల వేటకు రాడ్ కొనడానికి వెళ్లినవాళ్లు చాలామంది అడిగే మొదటి ప్రశ్న, ఇది ఎన్ని కిలోల చేపను ఆపుతుందని. కృత్రిమ ఎరతో సాగే లూర్ వేటలో అడగాల్సిన ప్రశ్న అది కాదు. చేప పడటం ఆఖరి ఘట్టం. అంతకుముందు ఎరను పదేపదే విసరాలి, నీళ్లలో ప్రాణమున్నదానిలా ఆడించాలి, చేప నోట కరిచిన క్షణంలో గాలపు ముల్లు దిగేలా గుంజాలి. ఈ మూడు పనులనూ చేసిపెట్టేది కర్ర వంపే. బతికున్న వానపామును గుచ్చి బెండు వైపు చూస్తూ కూర్చునే వేటలో కర్ర ఎలాంటిదైనా నడుస్తుంది. కృత్రిమ ఎర అలా కాదు, ఒక్కోటి ఒక్కో వంపు కోరుతుంది. అందుకే రాడ్‌ను చేపను బట్టి కాక ముందు ఎరను బట్టి ఎంచుకోవాలి. వెదురు బద్దలతో రాడ్లు కట్టిన పాత పనివాళ్లు ఈ సూత్రాన్ని చేతుల్లో ఇంకించుకున్నారు. ఇవాళ్టి అంగడి దాన్ని మరిపిస్తోంది.

రాడ్ మీద రాసి ఉండే రెండు మాటలను కలిపేసి చాలామంది పొరపడతారు. కర్ర వంగడానికి ఎంత బలం కావాలో చెప్పేది పవర్. ఎక్కడ వంగుతుందో చెప్పేది యాక్షన్. ఫాస్ట్ రాడ్ కొస వైపు మూడో వంతులోనే వంగుతుంది, మోడరేట్ రాడ్ సగం దాకా, స్లో రాడ్ దాదాపు పిడి దాకా వంగుతాయి. పిడికి పైన ఆ రాడ్‌కు సరిపడే ఎర బరువు కూడా గ్రాముల్లో రాసి ఉంటుంది. ఇప్పుడు మన చెరువుల్లోని కొర్రమీనునే తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర చేప అది. గాలి పీల్చడానికి పైకి వస్తుంది, గుర్రపుడెక్క, తామరాకుల మధ్య పొంచి ఉంటుంది. దానికి వేసేది రబ్బరు కప్ప. కప్ప ముళ్లు రెండూ దాని వీపుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆకుల్లో తగులుకోవు. చేప కప్పను నోట్లో నొక్కినప్పుడే అవి బయటపడతాయి. ఆ గట్టి దవడలో ముల్లు దించాలన్నా, చేపను ఆకుల కిందికి దూరకుండా లాగాలన్నా మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్, ఏడడుగుల దరిదాపు పొడవు, సాగని అల్లిక దారం కావాలి. మెత్తని కర్రయితే గుంజిన బలమంతా వంపులోనే ఖర్చయిపోతుంది. అలాగని కొస కూడా బిగుసుకుంటే తేలికపాటి కప్ప దూరం పోదు. మొదలు లొంగకూడదు, కొస ఎర బరువుకి లొంగాలి. ఈ రెంటినీ ఒకే కర్రలో కుదిర్చినవాడే పనివాడు.

ఇదే రాడ్‌ను క్రాంక్‌బైట్‌కు వాడితే ఫలితం తారుమారవుతుంది. మూతికి రేకు అమర్చి, లాగుతుంటే మునిగి వణికేలా చేసిన ఎర అది. దానికుండే మూడేసి కొక్కేల ముళ్లు చిన్నవి, చేప మూతి అంచున పైపైన దిగుతాయి. బిగుసైన రాడ్‌తో గుంజితే ఊడి వచ్చేస్తాయి. సగం దాకా నిదానంగా వంగే మోడరేట్ రాడ్ చేపకు ఎరను మింగే వ్యవధి ఇస్తుంది, ఆ తరవాత దాని ప్రతి విదిలింపునూ మింగేస్తుంది. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా 1936లో బెండు చెక్కి తయారుచేసిన చిన్నచేప లాంటి తేలిక ఎరలకూ ఇలాంటి మెత్తదనమే నప్పుతుంది. అడుగున పాకించే మెత్తని ప్లాస్టిక్ పురుగుకు మాత్రం కొస కబురు చేతికి తక్షణం అందాలి, కాబట్టి ఫాస్ట్ రాడ్. నీటి మీద అటూ ఇటూ నడిపించే ఎరకు కొస నీళ్లకు తగలకుండా కాస్త పొట్టి రాడ్ మేలు. ఫ్లై అనే ఎర సంగతి పూర్తిగా వేరు. ఈక కట్టిన ముల్లుకు బరువే ఉండదు, కర్రను వంచేది లైను అనే బరువైన దారమే. అందుకే అక్కడ రాడ్‌ను లైను నంబరుతో కొలుస్తారు.

వంపును శాస్త్రంగా పండించినవాళ్లు ఈ ఫ్లై రాడ్ల పనివాళ్లే. వెదురును చీల్చి, ఆరు ముక్కోణపు బద్దలుగా చెక్కి, అతికి ఒకే కర్రగా చేసే ఈ విద్యను పందొమ్మిదో శతాబ్దిలో అమెరికాలో హైరమ్ లెనార్డ్ ఒక స్థాయికి తెచ్చాడు. మొదట్లో వాడింది కలకత్తా వెదురు, మన అడవుల్లోని సాధన వెదురు జాతే అదని అంటారు. తరవాత చైనా గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చే టోన్‌కిన్ వెదురు దాని చోటు తీసుకుంది. ఇక ఎవరెట్ గారిసన్ పనితనాన్ని ఎంత పొగిడినా తక్కువే. వృత్తిరీత్యా ఇంజినీరైన ఆయన కర్ర పొడవునా ఏ అంగుళం దగ్గర ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టి, బద్దను అంగుళంలో వెయ్యో వంతు తేడా రాకుండా చెక్కాడు. జీవితకాలంలో ఆయన చేసినవి సుమారు 700 రాడ్లే. 1975లో కన్నుమూశాక, ఆ పద్ధతిని శిష్యుడు హోగీ కార్మైకేల్ 1977లో పుస్తకంగా తెచ్చి అంతరించకుండా కాపాడాడు. డెట్రాయిట్‌లో పాల్ యంగ్, ఫ్రాన్స్‌లో చార్లెస్ రిట్జ్ వంపును పిడి దాకా పారించే పారాబోలిక్ రాడ్లకు పేరు తెచ్చారు. యంగ్ చేసిన మిడ్జ్ రాడ్ ఆరడుగుల చిల్లర. అంత పొట్టి కర్రలో అంత ప్రాణం పెట్టడం మహా నేర్పు.

గ్రాఫైట్ (కార్బన్ పోగుల) రాడ్ వచ్చాక వెదురుకు కాలం చెల్లిందని కొందరంటారు. గ్రాఫైట్ తేలిక, కబురు త్వరగా చేరవేస్తుంది. ప్లాస్టిక్ పురుగు వేటలో దానికి సాటి లేదని ఒప్పుకోవాల్సిందే. కానీ క్రాంక్‌బైట్ వేటలో ఆరితేరిన వేటగాళ్లు ఇప్పటికీ నిదానంగా వంగే ఫైబర్‌గ్లాస్ రాడ్‌నే పట్టుకుంటున్నారంటే, కొత్తదనం కన్నా వంపే పెద్దదని తేలినట్టే కదా. ఒక్క మీడియం రాడ్‌తో అన్నీ సర్దుకోవచ్చన్నది మరో వాదన. ఒక్కటే కొనగలిగినవాళ్లకు అదే దారి, తప్పుపట్టలేం. అయితే దానికి తగిన రెండు మూడు ఎరలకే కట్టుబడాలి. చేయి తిరిగినవాడికి ఏ కర్రయినా ఒకటేనన్నది మాత్రం నిజం కాదు. చేతి నేర్పు కర్ర లోపాన్ని కొంత దాచగలదు, దాని వంపును మార్చలేదు.

మనసు మండేది నకిలీ సరుకును చూసినప్పుడు. లోపల నాసిరకం ఫైబర్‌గ్లాస్, పైన కార్బన్ బొమ్మ ముద్రించిన తొడుగు. యాక్షన్ ఏదో, ఎర బరువెంతో ఒక్క అక్షరం ఉండదు. ఒకదానిలోకి ఒకటి ముడిచి సంచిలో పెట్టుకునే గొట్టాల రాడ్లు అతుకు అతుకుకూ బిగుసుకుని వంపును ముక్కలు చేస్తాయి. గరుకు రింగులు దారాన్ని కోసేస్తాయి. కొత్తగా నేర్చుకునే కుర్రాడు తన చేతిలోనే లోపముందని నమ్మి వేట మానేస్తాడు. చేపకూ అన్యాయమే. బలం చాలని కర్రతో గంటల తరబడి పోరాడి అలసిన చేపను తిరిగి వదిలినా బతకకపోవచ్చు. అంతరించే ప్రమాదంలో ఉన్న కావేరి మాసీర్ లాంటి చేపల విషయంలో అది క్షమించరాని తప్పు.

కాబట్టి కొనేవాళ్లకు విన్నపం ఒక్కటే. మీరు వాడే ఎరను వెంట తీసుకెళ్లండి. రీలు బిగించి, దారాన్ని రింగుల్లోంచి పోనిచ్చి, ఎర కట్టి వేలాడదీయండి, కర్ర ఎక్కడ వంగుతోందో చూడండి. ఎర బరువు రాయని రాడ్ వద్దని మొహమాటం లేకుండా చెప్పండి. మేదరుల చేతుల్లో వెదురు చీల్చే విద్య ఇంకా బతికే ఉంది, సాధన వెదురు మన అడవుల్లోనే ఉంది. చేతిపనులను ప్రోత్సహించే సంస్థలు వీళ్లనూ వేటగాళ్లనూ ఒకచోట కూర్చోబెడితే, మన చెరువులకు తగిన వంపుతో ఆరు బద్దల రాడ్ ఇక్కడే పుట్టగలదు. మొదటి రాడ్లు గారిసన్ పనికి సాటి రాకపోవచ్చు. అయినా కొనండి, వాడండి, ఎక్కడ వంగలేదో చేసినవాళ్లకు చెప్పండి. ఆ విద్య ఎక్కడైనా ఎదిగింది అలాగే.