చేతులు ఆపుకునే విద్య

క్యాంపులో తోడుండడానికి వెళ్లే వలంటీరు చేతికి ముందుగా ఒక కాగితాల కట్ట వస్తుంది. రాబోయే మనిషి గురించి ఇంట్లోవాళ్లు రాసి పంపిన వివరాలు అవి. ఏం తింటుంది, పల్చటి నీళ్లు తాగితే పొలమారుతుందా, ఏ చప్పుడుకు బెదురుతుంది, కుర్చీలోంచి మంచం మీదికి ఎలా మార్చాలి, మాట రాకపోతే ‘వద్దు’ అని ఎలా చెబుతుంది. ఈ చివరి ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగుతాను. ఒకరు తల పక్కకు తిప్పేసుకుంటారు, ఒకరు కళ్లు మూసుకుంటారు, ఇంకొకరు చొక్కా అంచు కొరుకుతారు. ఆ ‘వద్దు’ తెలుసుకోకుండా చేసే సాయం, ఎంత ప్రేమగా చేసినా, దౌర్జన్యమే.

అమెరికాలో వైకల్యం ఉన్నవారి కోసం క్రైస్తవ సంస్థలు నడిపే వేసవి క్యాంపులకు కొన్నేళ్లుగా తోడుగా వెళ్తున్నాను. ఇంటిల్లిపాదీ వస్తారు. వైకల్యం ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కో వలంటీరు. పొద్దున పాటలు, వాక్యం; పగలు ఈత, ఆటలు, బొమ్మలు; రాత్రి డాన్సు. చూడ్డానికి సందడి. చేసేవాళ్లకు మాత్రం ఇదొక విద్య, అందులో సగం చేతులు ఎప్పుడు ఆపుకోవాలో తెలియడమే.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న అమ్మాయి చెంచా నోటిదాకా తెచ్చుకోవడానికి ఎంతసేపైనా పట్టనివ్వాలి, సగం ఒళ్లో పడినా సరే. అక్షరాల పలక మీద చూపుతోనే మాట కూర్చి చెప్పేవాళ్లు ఉంటారు. మూడో అక్షరానికే ఆ మాటేమిటో మనకు తెలిసిపోతుంది. అయినా మనం అందించకూడదు, వాళ్ల మాట వాళ్లే పూర్తి చేసుకోవాలి. వీల్‌చెయిర్ కూడా అంతే. అడక్కుండా వెనకనుంచి పట్టి తోయడమంటే మనిషిని రెక్కపట్టి ఈడ్చుకుపోవడమే.

చేతులు ఆలస్యం చేయకూడని చోట్లూ ఉన్నాయి. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు ఆ కింది భాగంలో చెమట సరిగా పట్టదు. ఎండలో ఒళ్లు చల్లబడే దారిలేక కాగిపోతుంది. అందుకే నీడ చూసుకోవాలి, స్ప్రే సీసాతో నీళ్లు చల్లుతూ ఉండాలి. ఒకే తీరున కూర్చుంటే పుండ్లు పడతాయి. స్పర్శ లేని చోట నొప్పి తెలియదు కాబట్టి గడియారం చూసుకుని ఒంటి బరువు పక్కకు మార్చాలి. తలుపు మూసిన గదిలో వలంటీరు ఒక్కరే ఎవరితోనూ ఉండకూడదు. ఎంతటి భక్తిపరులకైనా ఈ నియమంలో సడలింపు లేదు.

ఇలాంటి క్యాంపులు నడిపేవాటిలో పేరున్నది జోనీ అండ్ ఫ్రెండ్స్. దాన్ని 1979లో స్థాపించిన జోనీ ఎరిక్‌సన్ టాడా, 1967లో పదిహేడేళ్ల వయసులో చెసపీక్ బేలో లోతు తెలియక దూకారు. మెడ విరిగి, భుజాల కింద కదలిక పోయింది. పళ్ల మధ్య కుంచె పట్టి బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. తొలిరోజుల్లో ఆమె కూడా ఆశతో సువార్తికురాలు కాథరిన్ కూల్‌మన్ స్వస్థత కూటానికి వెళ్లారు. రద్దీ కాకముందే వీల్‌చెయిర్ల వాళ్లను అక్కడినుంచి బయటికి పంపించేశారు. లిఫ్టు కోసం ఆగిన వరసలో, వచ్చినట్టుగానే వెళ్లిపోతున్నవాళ్లలో ఆమె ఒకరు.

కృష్ణా జిల్లాలో పెరిగిన నాకు ఆ వరస కొత్త కాదు. మావైపు స్వస్థత సభల్లో చంకకర్రల వాళ్లను ముందు కూర్చోబెట్టేవారు. లేచి నడిచినవాళ్ల సాక్ష్యం మైకులో ఊరంతా వినిపించేది. నడవనివాళ్ల అమ్మలకు మాత్రం ‘విశ్వాసం చాల్లేదమ్మా’ అని మెల్లగా చెప్పేవారు. నేను వెళ్లిన క్యాంపుల్లో ఎవరినీ లేచి నడవమనరు. దేవుడు బాగుచేయగలడని అక్కడి వాళ్లూ నమ్ముతారు. ఆ పని ఆయనకు వదిలి, ర్యాంపు వేయడం, కొలనులోకి కుర్చీ దించడం తాము చూసుకుంటారు.

ఈ క్యాంపు ఎవరికోసం అంటే, ముందు అమ్మానాన్నలకు అంటాను. ఆటిజం ఉన్న బిడ్డతో నలుగురిలోకి రాలేక, ఉగాది సంబరాలకు వంతులవారీగా ఒకరు వచ్చి ఒకరు ఇంట్లో ఉండిపోయే తెలుగు జంటలు అమెరికాలో ఉన్నారు. వాళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని వేడి కాఫీ తాగడం చిన్న సంగతి కాదు. ‘ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో తోచడం లేదక్కా’ అంది ఒకామె.

నచ్చనివీ ఉన్నాయి. చివరిరోజు వలంటీర్ల సాక్ష్యాలు వరస కడతాయి: ‘వాళ్లే నాకు నేర్పారు’ అని. నిజమే కావచ్చు. కానీ ఎవరూ మనకు పాఠం చెప్పడానికి వైకల్యంతో బతకడం లేదు. ఏ పాట పాడాలో, ఏ ఆట ఆడాలో, వాక్యం ఎవరు చెప్పాలో వైకల్యం ఉన్నవాళ్లే తేల్చే క్యాంపు నా లెక్కలో మేలైనది. ఒక్క వారం గడిచాక తోడెవరన్న ప్రశ్నకు మాత్రం క్యాంపు దగ్గర జవాబు లేదు. అది ఊళ్లో ఉన్న చర్చి చెప్పాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వేసవి సెలవులొస్తే చర్చిల్లో వీబీఎస్‌ల, అంటే పిల్లల సెలవుల బైబిలు బడుల, హడావిడి. పాటలు, బొమ్మలు, కంఠత వాక్యాలు. ఆ పిల్లల్లో వైకల్యం ఉన్నవాళ్లు ఎందరు కనిపిస్తారు? 2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు అన్ని వయసులవాళ్లూ కలిపి 2.68 కోట్లమంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21 రకాలు. మన వీధిలో ఎవరూ లేరనుకోవడం కుదరదు. ఇంటికప్పు విప్పి పక్షవాయువు రోగిని దించిన నలుగురి మీద ఏటా ప్రసంగం వినే మందిరాల్లో ఎన్నింటికో మెట్ల పక్కన ర్యాంపు ఉండదు. ముందు అది కట్టాలి. తర్వాత బిడ్డకొకరు చొప్పున యువజన సంఘం నుంచి తోడు, వాళ్లకు ముందుగా శిక్షణ, చప్పుడు పడని పిల్లలకు ఫ్యానున్న ఒక గది. ఈతకొలను లేకపోయినా నడుస్తుంది.

తల్లికి మాత్రం ఏ పనీ చెప్పకండి. సాక్ష్యం చెప్పమనొద్దు, వంటలో చెయ్యి వెయ్యమనొద్దు. ఆ పూట ఆమె ప్రార్థనలో కూర్చున్నా, బజారుకెళ్లినా, ఇంటికెళ్లి నిద్రపోయినా ఆమె ఇష్టం.