శశిరేఖ ఒంట్లో అడవివాడు: సావిత్రి నటన, దర్శకత్వం

మాయాబజార్ (1957) మన పిల్లలందరూ టీవీలో చూసినదే. ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చి ద్వారకలో ఆమె స్థానంలో కూర్చుంటాడు. తెరమీద కనబడేది సావిత్రి. పట్టుచీర, నగలు అన్నీ శశిరేఖవే, నడక మాత్రం ఎస్వీ రంగారావుది. ఛాతీ విరుచుకుని నాలుగడుగులు వేస్తుంది, ఎవరైనా చూస్తున్నారని గుర్తురాగానే ఒదిగిపోయి సిగ్గుపడుతుంది. ఆ మార్పుకి రెప్పపాటు చాలు. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కినప్పుడు రేలంగి ముఖం చూడాలి.

ఘటోత్కచుడు హిడింబి కొడుకు, అడవి మనిషి. అడవివాళ్ళ మోటుతనం చూపించి నవ్వించడం మన సినిమాల్లో పాత అలవాటు. ఇక్కడ జనం నవ్వేది అడవివాణ్ణి చూసి కాదు, డాంబికాల పెళ్ళికొడుకుని చూసి. ఆ ఘనతలో పింగళి మాటలకూ కె.వి. రెడ్డి దర్శకత్వానికీ వాటా ఉంది. అయినా సావిత్రి ఒక్క అడుగు వెకిలిగా వేసి ఉంటే అదంతా చెడేది. ఆమె ఆ పాత్రను ఎగతాళి చేయలేదు, దాని బలాన్ని అరువు తెచ్చుకుంది.

అసలు ఒకరి ఒంట్లోకి ఇంకొకరు దూరే విద్య మా ప్రాంతానికి కొత్త కాదు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామ, చిత్రాంగి, రోషనార వేషాలు కట్టారు. ఆడవాళ్ళు రంగస్థలం ఎక్కడం తప్పనుకున్న రోజులవి. ఆయన కళ గొప్పది. 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ ఆ చప్పట్లు మోగినంతకాలం నిజమైన ఆడమనిషి తెర అవతలే నిలబడింది. తర్వాత అదే శ్రీకృష్ణ తులాభారం 1966లో సినిమాగా వచ్చింది. సత్యభామ వేసింది జమున. తెనాలి పక్కనే ఉన్న దుగ్గిరాలలో పెరిగి, నాటకాల నుంచి సినిమాకి వెళ్ళిన మనిషి. పాత్ర అదే, ఇప్పుడది ఆడమనిషి చేతికి వచ్చింది.

1968లో చిన్నారి పాపలు వచ్చింది. అందులో జమున నటించింది. దర్శకత్వం సావిత్రిది. ఆమె పుట్టిన చిర్రావూరు దుగ్గిరాలకు ఎంతో దూరం కాదు. ఆమెకూ మొదట బెజవాడ స్టేజీ మీదే నాట్యం, నాటకాలు. ఆ సినిమాకి సంగీతం పి. లీల చేత చేయించారు. కెమెరా వెనకాల పనుల్లోకి ఆడవాళ్ళను పిలవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. తర్వాత మాతృదేవత (1969), మరికొన్ని చిత్రాలు తీశారు. మూగమనసులు కథను 1971లో ప్రాప్తం పేరుతో తమిళంలో తానే నిర్మించి, నటించి, దర్శకత్వం చేసి బాగా నష్టపోయారు.

ఇక్కడే మనవాళ్ళు చెప్పుకునే తీరు నాకు నచ్చదు. డైరెక్షన్ జోలికి పోయి మునిగిపోయింది పాపం అంటారు. సినిమా తీసి ఇల్లు పోగొట్టుకున్న మగవాళ్ళు మద్రాసులో కొల్లలు. వాళ్ళను సాహసవంతులన్నారు. సావిత్రి దర్శకత్వాన్ని తప్పుపట్టాలంటే వేరే చోట పట్టాలి. కుర్చీ దొరికినా ఆమె కథలు ఇల్లూ కాపురం గడప దాటలేదు. మాయాబజార్‌లో ఆమె చూపిన తెగువ తాను తీసిన సినిమాల కథల్లో కనబడదు. అది లోటే. అయినా ఆ కుర్చీలో కూర్చోవడం వేరే సంగతి, దాన్ని తీసిపారేయకూడదు.

మన సంగతికి వద్దాం. చెంచులక్ష్మి (1958)లో చెంచు పిల్ల వేషం అంజలీదేవిది. పెద్దాపురం మనిషి, మంచి నటి. స్థానం వారు చీర కట్టినట్టే ఆమె మన కట్టు కట్టింది. మగవాడు ఆడవేషం వేయడం ఒక తరంలో పాతబడిపోయింది. మన వేషం ఇంకొకరు వేయడం మాత్రం ఇంకా సహజంగానే చెల్లిపోతోంది.

న్యూజిలాండ్‌లో మావోరీలు ఆ నేల మొదటి మనుషులు. వాళ్ళలో మెరాటా మిటా (1942–2010) అనే ఆవిడ మనలాగే బడిపంతులు. కవెరావు హైస్కూల్లో చదువు మీద మనసు పెట్టని మావోరీ పిల్లలను కూర్చోబెట్టడానికి వీడియో కెమెరా పట్టింది. అలా మొదలై, నేల కోసం కూర్చున్న తమవాళ్ళను పోలీసులు బాస్టియన్ పాయింట్‌లో ఖాళీ చేయించిన రోజు మీద డాక్యుమెంటరీ తీసింది, ఉటు సినిమాలో నటించింది, 1988లో మౌరి అనే కథాచిత్రానికి తానే రచన, దర్శకత్వం చేసింది. అందులో ముఖ్యపాత్ర ఇచ్చింది ఎవరికో తెలుసా? ఈవా రికార్డ్‌కి. తన జనం భూమిని గోల్ఫ్ మైదానం చేస్తే పోరాడి వెనక్కి తెచ్చుకున్న ఆవిడ. నేల గురించి ఆమె మాట్లాడుతుంటే మేకప్ అక్కరలేదు.

రేపల్లె, నిజాంపట్నం వైపు యానాది ఆడవాళ్ళు మడ కాలువల్లో పీతలు పడతారు. చేతిని బురదలో ఎంత లోతుకి పెట్టాలో, పీత కొండి ఎటు తిప్పుకుంటుందో వాళ్ళకు తెలుసు. మన బడుల్లో వార్షికోత్సవం వస్తే మాత్రం వాళ్ళ పిల్లలకే అద్దెకు తెచ్చిన ఆకుల లంగా కట్టి, తలకు ఈకలు పెట్టి గిరిజన నృత్యం అంటాం. యానాదులు ఈకలు పెట్టుకోగా చూసినవాళ్ళెవరు? ఈసారి ఆ అద్దె బట్టలు మానేసి, ఏడో తరగతి అమ్మాయి చేతికి టీచరు ఫోను ఇచ్చి, వాళ్ళమ్మ పీత పట్టడం పది నిమిషాలు తీసుకురమ్మందాం. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో ఆ పిల్లే చెబుతుంది.