రంగుల వెనుకనున్న లెక్క

కంప్యూటరు నేర్చు విద్యార్థులు ప్రాజెక్టుకై తరచుగా ఎన్నుకొను వానిలో మాండెల్‌బ్రాట్ సమితి చిత్రమొకటి. ఎంత పెద్దదిచేసి చూచినను వంకరలలో మరల వంకరలే కనిపించు రూపములకు బెన్వా మాండెల్‌బ్రాట్ 1975లో 'ఫ్రాక్టల్' అని పేరిడెను. కొలది వరుసల ప్రోగ్రాముతో ఇంత అందము లభించుట ఈ ప్రాజెక్టునకు బలము, బలహీనతయు అదియే.

తలముపై ప్రతి బిందువును ఒక సంకీర్ణ సంఖ్య. సున్నతో ప్రారంభించి, ఫలితమును వర్గముచేసి, ఆ సంఖ్యను కలుపుచు పోవలెను. ఫలితపు పరిమాణము 2ను దాటినచో ఆ బిందువు సమితికి వెలుపలిది. ఎన్నటికిని దాటనిచో లోపలిది. దానికి నలుపు వేయుదురు.

చిత్తూరు, తిరుపతి ముంగిళ్లలో సంక్రాంతి ముగ్గునకు గీత ముగిసిన పిదప ఏ రంగైనను నింపవచ్చును. ఇచట రంగు అట్టి అలంకారము కాదు. ఎన్నవ మెట్టున 2 దాటెనో తెలుపు గుర్తు అది. ఈ సంగతి చెప్పని నివేదిక ముగ్గును మాత్రమే చూపినట్లు.

అసలు చిక్కు 'ఎన్నటికిని' అను మాటలో కలదు. యంత్రము అంతకాలము వేచియుండలేదు గదా! గావున ప్రోగ్రాము, 100 మెట్ల వద్ద అనుకొందము, ఆగి, అప్పటికి దాటని బిందువున కెల్ల నలుపు వేయును. 0.25 సమితి సరిహద్దుననున్నది. అది ఎన్నడును దాటదు. 0.26 30వ మెట్టున దాటును. 0.251 97వ మెట్టున. 0.2501కి 312 మెట్లు పట్టును. అనగా ఆ ప్రోగ్రాము వెలుపలి బిందువును లోపలిదిగా చూపినది! సరిహద్దును పెద్దదిచేసిన కొలదియు ఈ అబద్ధపు నలుపు స్ఫుటమగును. మార్కులు వేయు ఉపాధ్యాయుడు చిత్రమును మెచ్చుకొనుటకు ముందు, మెట్ల పరిమితి యెంత, దానిని రెట్టింపు చేయగా ఏ బిందువుల రంగు మారెను అని అడుగవలెను.

ఆ ప్రశ్న వ్యర్థము కాదు. 1991లో డేవిడ్ బోల్, సమితిలో ఒకచోట మెడవలె సన్నగిల్లు భాగము నిజముగా మందము లేనిదేనా అని పరీక్షించుచు, మెట్ల సంఖ్యలలో పై విలువ దాగియుండుట గమనించెను. 0.25 వద్దను ఇదే వింత. 0.25కు మించిన భాగపు వర్గమూలముతో మెట్లను గుణించి చూడుడు: 0.26కు 3, 0.2501కి 3.12, 0.250001కి 3140 మెట్లు గావున 3.14. దీనికి ఆరన్ క్లెబనాఫ్ 2001లో ఉపపత్తి ప్రకటించెను. 0.26 యొక్క ముప్పది మెట్లకు కంప్యూటరు అక్కరలేదు. చేతి లెక్కల యంత్రము చాలును.