ప్రకృతి వ్యవసాయము: కొలిమిగుండ్ల నేల అడుగు లెక్క

నంద్యాల జిల్లాలోని కొలిమిగుండ్ల మండలము పేరు చెప్పగానే బెలుము గుహలు స్ఫురించును. నీరు సున్నపురాతిని కరగించి, యుగయుగములుగా ఆ గుహలను తొలిచినది. ఆ సున్నమే పైనేల గుణమును కూడ నిర్ణయించుచున్నది. ఇచ్చటి రైతులలో పలువురు వానకాలమంతయు నల్లరేగడిని బీడుగా ఉంచి, గుంటక తోలి, అక్టోబరులో నిలువ పదును మీద శనగ విత్తుదురు. రసాయనములు లేని సేద్యమునకు ప్రభుత్వము ఇచ్చు ప్రోత్సాహము ఇట్టి నేలకు ఎంతవరకు సరిపడును?

ఆంధ్రదేశములో ఈ ప్రయత్నము కొత్తది కాదు. పురుగుమందులు లేని సేద్యమును మహిళా పొదుపు సంఘముల ద్వారా 2004 నుండి ప్రచారము చేసిరి. రైతు సాధికార సంస్థ 2014లో ఏర్పడి, తరువాత ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమును చేపట్టినది. ఈ కృషికి 2024లో గుల్బెంకియన్ బహుమానము లభించినది. సేద్యగాడే సేద్యగానికి నేర్పుట, ఇంటి ఇల్లాలిని పొలము లెక్కలో భాగస్వామిని చేయుట దీని గొప్ప గుణములు. వీటిని తక్కువ చేయరాదు.

అయితే ఉత్సాహము లెక్కను మించినది. 2024 నాటికి 60 లక్షల రైతులను, 80 లక్షల హెక్టార్లను ఈ పద్ధతిలోనికి తెత్తుమని 2018లో ప్రకటించిరి. గడువు దాటినది, సంఖ్య చేరలేదు. సంఖ్య చేరకపోవుట పెద్ద లోపము కాదు. ప్రతి నేలకును ఒకే సూత్రము సరిపోవునని తలచుటయే లోపము.

జీవామృతమునే చూడుడు. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 10 లీటర్ల వరకు ఆవు పంచితము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, పిడికెడు మట్టి కలిపి ఎకరాకు పోయుదురు. వీటన్నిటిలోని నత్రజని సుమారు పావుకిలో మాత్రమే. ఎకరాకు 10 క్వింటాళ్లు పండు జొన్నకు, గింజకును చొప్పకును కలిపి, సుమారు 20 కిలోల నత్రజని కావలయును. పది మార్లు పోసినను లోటు తీరదు. కావున జీవామృతము ఎరువు కాదు. నేలలోని సూక్ష్మజీవులకు తోడు వంటిది. తోడు ఉన్నంత మాత్రమున పాలు లేక పెరుగు కాదు.

శనగ విషయము కొంత మేలు. దాని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు ఇచ్చును. కాని భాస్వరము గాలిలో లేదు. సున్నము మెండుగా గల నేలలో భాస్వరము సున్నముతో బిగిసి వేళ్లకు అందదు. జింకు, ఇనుము కూడ అంతే. కొన్ని సూక్ష్మజీవులు ఈ బిగువును కొంత సడలింపగలవు గాని, లేని ధాతువును సృష్టింపజాలవు. ప్రతి పంటతోను బండి కెక్కి పోవు భాస్వరము ఏ రూపమున తిరిగి రావలయునో పథకము చెప్పవలెను.

రెండవ చిక్కు నీటిది. ఏడాది పొడవునా నేలపై పచ్చదనము ఉండవలెననియు, వానలకు ముందే నవధాన్యములు చల్లవలెననియు కార్యక్రమము బోధించుచున్నది. దీనివలన మట్టి కొట్టుకొనిపోదు, కర్బనము పెరుగును. ఇది నిజము. కాని శనగ బ్రతుకునది నిలువ పదును మీద. నవధాన్యములు ఆ పదునును త్రాగివేసిన యెడల శనగకు మిగులునదేమి? వానలు బాగుగ నున్న ఏట లాభము, తప్పిన ఏట నష్టము కలుగవచ్చును. దీనికి జవాబు ఉపన్యాసములలో దొరకదు. ప్రక్కప్రక్కన రెండు మళ్లు వేసి, పదునును కొలిచి, కొన్నేండ్లు చూడవలయును. 1906 నుండి పనిచేయుచున్న నంద్యాల పరిశోధనా క్షేత్రము ఇందులకు దగ్గరలోనే కలదు.

ఇక ధనము. 2024 నవంబరులో కేంద్రము ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషనుకు మొత్తము 2,481 కోట్లు కేటాయించిరి. ఎరువుల రాయితీ వ్యయము 2023-24లో ఒక్క ఏడాదికే లక్షన్నర కోట్లకు మించినది. 45 కిలోల యూరియా బస్తా గరిష్ఠ ధర, పన్నులు, వేపపూత ఖర్చు కాక, 242 రూపాయలు. యూరియా వాడకము తగ్గించిన రాష్ట్రమునకు మిగిలిన రాయితీలో సగము ఇచ్చు పథకమును 2023లో ఆమోదించిరి. అది రాష్ట్రమునకు చేరు సొమ్ము. బస్తా కొన్న రైతుకు రాయితీ బస్తాతోనే ముట్టును. కొనని రైతుకు అది చేతికి రాదు. ఒక చేతితో చౌక యూరియా చూపుచు, మరియొక చేతితో యూరియా మానుమనుట విధానము కాజాలదు.

అట్లని ఎరువులను ఒక్కసారిగా నిషేధించుట మందు కాదు. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఆపి, వరి దిగుబడి పడిపోగా, కొద్ది నెలలకే వెనుకకు తగ్గవలసి వచ్చినది.

ప్రభుత్వ సహాయము కొలతపై నిలువవలెను. పథకములో చేరిన ప్రతి పొలములోను మొదటి ఏట, మూడవ ఏట కర్బనము, భాస్వరము, పదును కొలిచి, ఫలితమును రైతు చేతికే ఈయవలెను. మార్పుకాలములో దిగుబడి తగ్గినచో ఆ నష్టమును పంచుకొనవలెను. కొలిమిగుండ్లలో సాగని భాగమును సాగదని ఒప్పుకొనుట పథకమునకు అపజయము కాదు. సందేహమును అణచివేసిన పథకమును మాత్రము, ఒక్క వాన తప్పిన ఏటనే, రైతు విడిచిపెట్టును.