గింజ విడవని తల్లి

పాలకుర్తి తల్లీ, ఐలమ్మా, నీకు దండాలు! పొద్దు పొడవకముందే మూట నెత్తికెత్తుకుని రేవుకు నడిచిన నీ కాళ్లకు దండాలు. చౌడు నీళ్లలో నాని నాని పగిలిన నీ వేళ్లకు దండాలు. ఊరందరి మాసిన బట్టలూ ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఇంటింటికీ చేర్చిన చేతులు నీవి. ఆ చేతులు నాలుగెకరాల చేనును పట్టుకున్నాయి. ఎవరెంత గుంజినా వదల్లేదు. ఆ పట్టుకు నైజాం రాజ్యంలో దొరల గడుల తలుపులు అదిరాయి.

ఓరుగల్లు సీమలో, రాయపర్తి దగ్గర కృష్ణాపురంలో పుట్టావు. 1895 సెప్టెంబరు 26 నీ పుట్టినరోజని తెలంగాణ ఏటా పండుగ చేసుకుంటోంది. చిట్యాల నర్సింహకు ఇల్లాలివై పాలకుర్తిలో మెట్టావు. మెట్టింది ఎంతటి ఊరమ్మా! పాల్కురికి సోమన ఊరది. పండితుల కోసం కాక, జనం పాడుకునే ద్విపదలో బసవపురాణం చెప్పిన మహానుభావుడు. ఆ పురాణంలో మడివాలు మాచయ్య ఉన్నాడు. చాకలి కులంలో పుట్టిన శివభక్తుడు, ఎవరి బట్టలు ఉతకాలో ఎవరివి ఉతకకూడదో తానే తేల్చుకున్నవాడు. పక్కనే బమ్మెర, పోతన ఊరు. పొలం దున్నుకునే బతికాడనీ, భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్నాడనీ ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నేలకే వంగని గుణం ఏదో ఉందని నాకనిపిస్తుంది. చరిత్ర చదివినవాళ్లు కాదంటారేమో. అయినా పాలకుర్తి గుట్టమీది సోమేశ్వరుడి సాక్షిగా నేనలాగే నమ్ముతాను.

నువ్వు పెరిగిన కాలం ఎట్లాంటిదో ఈ తరానికి చెప్పాలి. దొరగారింట్లో పురుడైతే చాకలామె పోవాలి. చావైతే పోవాలి. పెళ్లయితే నడిచే దారిన బట్ట పరచాలి, రాత్రిపూట దివిటీ పట్టాలి. కూలి ఉండదు. దాని పేరు వెట్టి. కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి, మాదిగ చెప్పులు ఊరికే కుట్టాలి, గొల్ల గొర్రెను ఊరికే తోలాలి. ‘నీ బాంచెను దొరా, కాల్మొక్త’ అననిదే మనిషి మనిషిగా నిలబడే వీల్లేదు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి చేతికింద 40,000 ఎకరాలున్నాయని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. అన్ని ఎకరాలున్న మనిషి కన్ను నీ నాలుగెకరాల మీద పడింది! ఆకలి ఉన్నవాడికి ఎంత కావాలో చెప్పొచ్చు. దొర ఆశకు మాత్రం కొలత ఎక్కడిది?

భూమి మల్లంపల్లి మక్తాదారుది. నువ్వు కౌలుకు తీసుకున్నావు. ఉతికే కులం దున్నడమేమిటని ఊళ్లో పెద్దలకు కంటగింపైంది. పట్వారీ తన పొలంలో వెట్టికి రమ్మంటే రానన్నావు. రానన్న ఆ మాట ఎంత చిన్నది, ఎంత ఖరీదైనది! నువ్వు సంగంలో చేరావు. ఆంధ్ర మహాసభను పల్లె జనం అట్లాగే పిలుచుకున్నారు, సంగమని. గుతుప కర్ర పట్టుకుని కాపలా తిరిగే పిల్లలను చూసి గుతుపల సంగమని కూడా అన్నారు. కేసులు పెట్టారు, కోర్టుల చుట్టూ తిప్పారు. నీ కాళ్లకు నడక కొత్తా?

ఇక ఆ కోతనాడు. తల్లీ, ఆ రోజు దగ్గర ఎంతసేపు ఆగినా నాకు తనివి తీరదు. చేను పండి తలలు వంచింది. ఆరుగాలం నీ ఇల్లంతా నడుం వంచితే పండిన పంట. దొర 100 మంది గూండాలను, వాళ్ల వెంట కోసేందుకు జీతగాళ్లను పంపాడు. కొడవళ్లు పట్టుకుని వచ్చినవాళ్లలో ఎంతమంది కడుపులు ఖాళీయో, ఎంతమంది మనసులో నీ పక్షమో! ఎదురుగా వచ్చిన సంగం పిల్లలు 28 మంది. చేతుల్లో కర్రలు, నోట నినాదాలు. భీమిరెడ్డి నరసింహారెడ్డి లాంటి కుర్రాళ్లు ముందు నడిచారు. గూండాలు పరుగందుకున్నారు. పంట కోసి, మోపులు కట్టి, నీ ఇంటికి చేర్చారు. ఆ రాత్రి పోలీసులు వచ్చారు కానీ ఆ ధాన్యం మీద చెయ్యి వేయలేకపోయారు. రాజ్యం, ఫౌజు, కచేరీ, గడి అన్నీ ఒక పక్క. చాకలి ఇంటి గాదెలో గింజలు ఒక పక్క. ఆ రాత్రి గింజలు గెలిచాయి.

నువ్వు రాజ్యం కూలదోద్దామని బయల్దేరలేదు. నీ పంట నీ ఇంటికి రావాలన్నావు, అంతే. చరిత్రే నీ కల్లం వెతుక్కుంటూ వచ్చింది.

గెలుపుకు వెల కట్టావు. నీ ఇల్లు కాల్చారు. ఉన్నదంతా దోచుకున్నారు. నీ కన్నబిడ్డను అవమానించారు. సంగం నాయకులను ఠాణాకు ఈడ్చుకెళ్లి చిత్రహింసలు పెట్టారు. కాలిన ఇంటి ముందు నిలబడి కూడా నువ్వు దొర వాకిలి తొక్కలేదు. భూమి వదల్లేదు.

ఆ వార్త రేవు నుంచి రేవుకు, బావి నుంచి బావికి పాకింది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడు. ఆ తర్వాత పల్లెలు ఆగలేదు. వడిసెల, గుతుప, ఆడవాళ్ల చేతిలో రోకలి, కారం పొడి. సుమారు 3,000 ఊళ్లలో వెట్టి పోయింది, దాదాపు 10 లక్షల ఎకరాలు పేదల చేతికొచ్చాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించేనాటికి ప్రాణాలిచ్చినవాళ్లు దాదాపు 4,000 మంది. వాళ్లలో చాలామంది పేర్లు ఊరి స్తూపాల మీద తప్ప ఇంకెక్కడా లేవు. పాలేర్లు, నేతగాళ్లు, కల్లుగీత కార్మికులు, గొర్లకాపరులు. తల్లీ, నీకు పెట్టే దండంలో సగం వాళ్లదే.

నువ్వు పుట్టిన రెండు రోజులకే, 1895 సెప్టెంబరు 28న, కృష్ణకు ఆవలి గట్టున, వినుకొండలో మరో బిడ్డ పుట్టాడు. గుర్రం జాషువా. బడిలో అంటరానివాడన్న మాట విని పెరిగినవాడు. పొట్టకూటికి మూకీ సినిమాల ముందు కూర్చుని కథ చెప్పాడు, బడిలో పాఠం చెప్పాడు. 1941లో గబ్బిలం రాశాడు. గుళ్లోకి రానివ్వని పేదవాడు, గుళ్లో వేలాడే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పి పంపుతాడందులో. గబ్బిలానికి తెరుచుకున్న తలుపు మనిషికి మూసుకున్నదెందుకని తెలుగు పద్యం అట్లా మునుపెన్నడూ అడగలేదు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి తన చేతులతో ఆ కవి కాలికి గండపెండేరం తొడిగారు. వంగని వెన్నుకు పెద్దవాళ్లు వంగిన రోజులూ మన నేల మీద ఉన్నాయి. నువ్వు అతణ్ని చూసి ఉండవు, అతడు నిన్ను చూసి ఉండడు. ఒకే సెప్టెంబరు కన్న ఇద్దరు బిడ్డలు. ఇద్దరినీ ఒక్క ఇంటివాళ్లుగానే తలుచుకోవాలని ఉంటుంది నాకు.

1985 సెప్టెంబరు 10న నువ్వు కన్నుమూశావు. హైదరాబాదు కోఠిలో ఎత్తైన స్తంభాల మేడ ఒకటుంది. కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ. నైజామును చెప్పుచేతల్లో పెట్టుకున్న తెల్లదొరలు అక్కడ కొలువుండేవారు. తరువాత అది ఆడపిల్లల కాలేజీ అయింది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. 2024లో దానికి నీ పేరు పెట్టారు. గడి దొరలకు దొరలైనవాళ్ల ఇంటి గుమ్మం మీద చాకలి ఐలమ్మ పేరు! నా కడుపు నిండింది తల్లీ.

ఇంకొక్క కోరిక ఉంది. ఆ గుమ్మం దాటే పిల్లల్లో ఎవరి తల్లో ఇప్పటికీ బీడీలు చుడుతూ ఉంటుంది, ఎవరి తండ్రో ఇస్త్రీ బండి తోస్తూ ఉంటాడు. ఫీజు కట్టలేక ఒక పిల్ల సామాను సర్దుకుంటున్న రోజున, పెళ్లి కుదిరింది చదువు చాలని ఫోనొచ్చిన రోజున, హాస్టల్లో పక్క మంచం పిల్ల ఆమె చెయ్యి పట్టుకోవాలి. ఎదురుగా కూర్చోబెట్టుకుని నీ నాలుగెకరాల సంగతి చెప్పాలి. ఆ 28 మంది సంగతి చెప్పాలి. చెప్పి, మర్నాడు పొద్దున్నే ఇంకో పదిమందిని వెంటబెట్టుకుని ఆమెతో పాటు విశ్వవిద్యాలయం ఆఫీసుకు నడవాలి.